హ్యూ ఎవరెట్టు: కొలుచువానిని గూడ లెక్కలో చేర్చినవాడు

1982 వ సంవత్సరము జూలై 19 వ తేదీన, అమెరికాదేశమున వాషింగ్టను నగరమునకు చేరువనున్న మక్లీను అను ఊరిలో, హ్యూ ఎవరెట్టు అను గృహస్థు తన యింట గుండె ఆగి మరణించెను. అప్పటికాయనకు 51 సంవత్సరములు. సైన్యమునకును ఇతర ప్రభుత్వ శాఖలకును కంప్యూటర్లమీద లెక్కలు కట్టియిచ్చు సంస్థలను నెలకొల్పి ధనము గడించినవాడుగానే ఆయన పలువురకు తెలియును. పాతికేండ్ల ప్రాయమున ఆయన వ్రాసిన యొక సిద్ధాంతవ్యాసము భౌతికశాస్త్రజ్ఞులను రెండు పక్షములుగా చీల్చినదనియు, ఆ తగవు ఆయన పోయిన తరువాతనే పెచ్చు పెరుగనున్నదనియు ఆనాడెందరికి తెలియును? కన్నకుమారునకు సైతము తండ్రి ఘనత చాలవరకు తరువాతి కాలమున నితరులు చెప్పగానే తెలిసివచ్చెను.

ఈ ఎవరెట్టు వేరు, హిమాలయ శిఖరమునకు పేరిచ్చిన సర్వేయరు జనరలు ఎవరెస్టు వేరు. పేర్ల పోలికచే పొరబడువారుందురు గావున ముందే చెప్పుచున్నాము.

ఎవరెట్టు 1930 వ సంవత్సరము నవంబరు 11 వ తేదీన జన్మించెను. తండ్రి సైన్యమున ఆఫీసరు. తల్లి పద్యములును కథలును వ్రాయు విదుషీమణి. బాలుడు చిన్నవాడుగ నుండగనే తలిదండ్రులు విడిపోయిరి. అతడు తండ్రియొద్దను సవతితల్లియొద్దను పెరిగెను. 1943 లో, పండ్రెండేండ్ల వాడై యుండగా, అతడు ఐన్‌స్టీను మహాశయునకే జాబు వ్రాసెను. ఎదురులేని శక్తియు, కదలింపరాని వస్తువును తారసిల్లినచో నేమగునను పాత చిక్కుప్రశ్నను గూర్చినది ఆ జాబు. జగద్విఖ్యాతుడైన ఆ వృద్ధుడు ఒక పిల్లవాని జాబని త్రోసివేయక ప్రత్యుత్తరమిచ్చెను. అట్టి శక్తియు అట్టి వస్తువును లేవు గాని, తానే కల్పించుకొన్న చిక్కులగుండ దారి చేసికొనిపోయిన మొండి బాలుడొక్కడు మాత్రము కలడని తోచుచున్నదని ఆ యుత్తరముయొక్క సారాంశము. హాస్యమునకు వ్రాసినదే యైనను ఆ మాటలో ఎవరెట్టు జీవితచరిత్ర సగము ఇమిడియున్నదని మేము తలచుచున్నాము.

అతడు వాషింగ్టనులోని క్యాథలిక్కు విశ్వవిద్యాలయమున రసాయనిక ఇంజనీరింగు చదివి 1953 లో పట్టమును పొంది, ఆ యేడే పై చదువునకై ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచట మొదట ఆయన మనస్సు ఆటల సిద్ధాంతముమీదికి పోయెను. అనగా ఒండొరులతో పోటీపడువారు ఎత్తుకు పైయెత్తు వేయుటను గణితముచే పరీక్షించు శాస్త్రము. ఆ విద్యయే ముందుముందు ఆయనకు జీవనాధార మయ్యెను. ఐన్‌స్టీను అప్పుడా యూరనే నివసించుచుండెను. 1954 ఏప్రిలులో ఆయన విద్యార్థుల యెదుట నొక యుపన్యాసము చేసెను. అదియే ఆయన కడపటి యుపన్యాస మందురు. ఒక చుంచెలుక వచ్చి చూచినంతమాత్రమున విశ్వమున ఘోరమైన మార్పు కలుగునని తాను నమ్మజాలనని ఆయన పలికినట్లు ఎవరెట్టు తరువాత వ్రాసియున్నాడు. ఆ చుంచెలుక ఏమి, ఆ మార్పేమి యను సంగతిని కొంత విపులముగా చెప్పక తప్పదు. చదువరులు ఓపిక పట్టుదురుగాక.

ప్రత్యేకముగా చెక్కిన అయస్కాంతపు కొనల నడుమ వెండి పరమాణువును పంపినచో అది పైకైనను ఒరగును, క్రిందికైనను ఒరగును, నడుమ పడదు. 1922 లో జర్మనీలో స్టెర్ను, గెర్లాకు అనువారు చేసి చూపిన ప్రయోగమిది. 1926 లో ష్రోడింగరు వ్రాసిన తరంగ సమీకరణమునుబట్టి, అట్టి పరమాణువు పైదారియు క్రిందిదారియు రెండును కలసిన స్థితిలో నుండవచ్చును. ఇది మన తెలియనితనమును చెప్పు మాట కాదు. నాణెమును గుప్పిట మూసినపుడు బొమ్మయో బొరుసో మనకు తెలియకున్నను లోపల ఏదో యొకటి నిశ్చయముగా నుండనే యున్నది. ఇచట నట్లు గాదు. రెండు దారులను జాగ్రత్తగా మరల కలిపినచో ఆ తరంగములు ఒకచో నొండొంటిని బలపరచుటయు, మరియొకచో నొండొంటిని రద్దుచేయుటయు కనబడును. పరమాణువు ఏదో యొక దారినే పోయియున్న యెడల నిది పొసగదు.

కాని తెరమీద చూచినవానికి ఎల్లప్పుడు ఒక్క మచ్చయే కనబడును. సగము పైన, సగము క్రింద నెవ్వరును చూచి యెరుగరు. ష్రోడింగరు సమీకరణమా, రెంటినుండి యొకదానిని ఏరి యిచ్చునది కాదు. రెంటిని చేర్చి యిచ్చినచో రెంటిని తిరిగి యిచ్చుటయే దాని స్వభావము. కావున శాస్త్రజ్ఞులు రెండు శాసనములను చేసికొనిరి. కొలవనంతసేపు సమీకరణము. కొలిచిన క్షణమున తరంగము కుప్పకూలి ఒక ఫలితమే మిగులును. ఏది మిగులునో ముందుగా చెప్పుటకు వీలులేదు, నూటికిన్ని పర్యాయములని మాత్రము చెప్పవచ్చును. 1932 లో ఫాన్ నాయిమను అను మహాగణితజ్ఞుడు తన గ్రంథమున ఈ రెంటిని రెండు వేరు ప్రక్రియలుగా విడదీసి వ్రాసిపెట్టెను.

ఇందలి లోపము భౌతికశాస్త్రము చదువని వకీలునకు సైతము తోచును. చట్టము అందరికిని వర్తించునట; చూచువానికి మాత్రము వర్తించదట! ఆ చూచువాడెవ్వడు? పరికరమా? మనుష్యుని కన్నా? మనస్సా? ఐన్‌స్టీను అడిగిన చుంచెలుక చూచినను చాలునా? పరికరము సైతము పరమాణువులతో చేసినదే, కన్నును అట్టిదే. పరమాణువున కొక న్యాయము, పరమాణువుల కుప్ప కొక న్యాయము ఏ రేఖకడ మారునో శాసనకర్తలు చెప్పరైరి. కోపెన్‌హేగనులో ఆచార్యపీఠ మధిష్ఠించియున్న నీల్సు బోరు మహాశయుడును ఆయన శిష్యులును, పరికరమును మనము దైనందిన భాషలోనే వర్ణింపవలెననియు, దానిని తరంగ సమీకరణమున ముంచుట తగదనియు బోధించుచుండిరి. బోరు సామాన్యుడు కాడు. పరమాణువునకు లెక్క నేర్పినవాడు. ఆయన మాటకు ఎదురుచెప్పువారు ఆ కాలమున అరుదు.

మరియొక సంగతి కలదు. 1935 లో ఐన్‌స్టీను, పొడోల్‌స్కీ, రోజెను అను మువ్వురు ఒక వ్యాసమును ప్రకటించిరి. దానిని చూచి ష్రోడింగరు అందలి విషయమునకు జర్మను భాషలో నొక పేరు పెట్టెను. మేము దానిని పెనవేత అందుము. ఒకచోట కలసి, పిదప దూరమైన రెండు కణములకు వేరువేరుగా నే స్థితియు నుండక, జంటకు మాత్రమే స్థితి యుండుట పెనవేత. ఎఱ్ఱరాయి యుంగరము నొక పెట్టెలోను, పచ్చరాయి యుంగరము నొక పెట్టెలోను దాచి, ఒక పెట్టె పుట్టింటికిని ఒకటి అత్తవారింటికిని పంపినచో, అత్తవారింట మూత తీసి ఎఱ్ఱరాయి చూచినవారికి పుట్టింట పచ్చరాయి యున్నదని తెలియును. ఇందులో వింత లేదు. బయలుదేరునపుడే రాళ్ల రంగులు నిశ్చితములు. పెనవేసికొన్న కణములు ఇట్టివి కావు. రంగడిగినను, బరువడిగినను, మరియొకటి యడిగినను జత కుదురును. అట్టి ప్రశ్నలను మార్చి మార్చి యడిగినపుడు వచ్చు పొందిక, ముందుగా మాట్లాడుకొని వచ్చిన యే ఇద్దరు సాక్షులును ఒకరితోనొకరికి వార్త పోకుండ ఈయగల పొందికకంటె హెచ్చని 1964 లో జాను బెల్లు గణితముచే చూపెను. 1972 లో క్లౌజరును, 1982 లో ఆస్పేయును చేసిన ప్రయోగములు ఆ హెచ్చును కండ్లయెదుట పెట్టెను. వారికిని జైలింగరునకును 2022 లో నోబెలు బహుమానము వచ్చినది ఈ పనికే. ఆస్పేయు ప్రయోగములు ముగింపునకు వచ్చిన యేడే ఎవరెట్టు గతించుట గమనింపదగినది.

మరల ప్రిన్‌స్టనునకు పోవుదము. 1954 లో ఒకనాటి రాత్రి విద్యార్థి వసతిగృహమున ఎవరెట్టును, సహాధ్యాయి చార్లెసు మిస్నరును, బోరునకు సహాయకుడుగ నుండి అచటికి వచ్చియున్న ఆగె పీటర్సనును షెర్రీ అను ద్రాక్షసారాయమును సేవించుచు, క్వాంటము శాస్త్రమున హాస్యాస్పదములైన ఫలితము లెన్నెన్ని తేలునోయని పరిహాసములాడుకొనుచుండిరి. ఆ పరిహాసమునుండి ఎవరెట్టు సిద్ధాంతము పుట్టెను. ఆయన చేసినదేమనగా, రెండవ శాసనమును కొట్టివేసెను. కూలుట యనునది లేదు. సమీకరణ మొక్కటే, అది పరమాణువునకును, పరికరమునకును, పరికరమును చూచువానికిని, సమస్త విశ్వమునకును సమానముగా వర్తించును. ఎవ్వరికిని మినహాయింపు లేదు.

అయినచో ఒక్క మచ్చయే కనబడుట ఎట్లు? పెనవేతయే సమాధానమని ఎవరెట్టు చెప్పెను. పరమాణువు పైకి పోయినచో పరికరపు ముల్లు కుడికి తిరుగుననియు, క్రిందికి పోయినచో ఎడమకు తిరుగుననియు అనుకొందము. రెండును కలసిన స్థితిలోని పరమాణువు పరికరమును తాకినపుడు, పైదారియు కుడిముల్లును ఒక జతగా, క్రిందిదారియు ఎడమముల్లును ఒక జతగా, రెండు జతలును కలిసియున్న స్థితి యేర్పడును. పిదప రామయ్య ముల్లును చూచును. అంతట పైదారి, కుడిముల్లు, కుడిముల్లును చూచిన రామయ్య ఒక వరుస. క్రిందిదారి, ఎడమముల్లు, ఎడమముల్లును చూచిన రామయ్య రెండవ వరుస. రెండు వరుసలును సమీకరణమున నిలిచియే యున్నవి. ఏ వరుసలోని రామయ్య నడిగినను తాను ఒక్క ఫలితమునే నిశ్చయముగా చూచితినని చెప్పును. చిట్టాలో వ్రాసికొన్నదియు నదియే. కృష్ణయ్య వచ్చి అదే ముల్లును చూచినచో నాతడును ఆ వరుసలో చేరి రామయ్యతో ఏకీభవించును. కొలుచుట యనగా మంత్రము కాదు, పెనవేసికొనుటయే. కొలుచువాడు బయట నిలుచుండి చూచువాడు కాడు, తానును ముడిలో పడినవాడు.

ఎవరెట్టు దీనిని వట్టి గణితముగా విడువలేదు. తన దీర్ఘవ్యాసమున ఒక కథ కల్పించెను. గదిలో ఒకడు కొలత తీసి ఫలితమును పుస్తకమున వ్రాసికొనును. గది బయట నింకొకడు, గదికంతకును కలిపి తరంగ సమీకరణము వ్రాసికొని కూర్చుండెను. లోపలివానికి కొలత ముగిసినది. బయటివాని లెక్కలో గది యింకను రెండును కలసిన స్థితిలోనే యున్నది. వారము దినములకు బయటివాడు తలుపు తెరచి, నేను చూచుటచేతనే నీ పుస్తకములోని వ్రాత కొక రూపము వచ్చినదని చెప్పినచో లోపలివాడు ఊరకుండునా? పాత మతము ప్రకారము ఈ తగవు తీరదు. 1961 లో విగ్నరు మహాశయుడు ప్రకటింపగా ప్రసిద్ధికెక్కిన మిత్రుని కథ ఇదియే. ఎవరెట్టు దానిని అయిదేండ్లు ముందే వ్రాసియుండెను.

దూరపు కణముల వింత కూడ ఇందుచే కొంత శమించును. రామయ్య ఒక నగరమున, కృష్ణయ్య ఒక నగరమున జతలోని కణములను కొలిచినపుడు, ఒకచోట చూచుటచే రెండవచోట ఏదియో తటాలున మారెనని చెప్పనక్కరలేదు. ఎవని కొలత వానిని తన కణముతో ముడివేయును. ఇరువురును కలసికొని చిట్టాలు సరిపోల్చుకొనునపుడు ఒప్పుదల గల వరుసలే ఎదురెదురుగా నిలుచును. ఐన్‌స్టీనునకు కంటగింపుగ నుండిన దూరపు ప్రభావము కూలుటతోబాటు వచ్చినది. కూలుట పోగా నదియు పోయెను.

ఈ సిద్ధాంతమునకు గురువు జాన్ ఆర్చిబాల్డు వీలరు. ఫైన్‌మను వంటి శిష్యుని తయారుచేసినవాడు. 1939 లో బోరుతో కలసి యురేనియము విచ్ఛేదమునకు సిద్ధాంతము వ్రాసినవాడు. శిష్యుని ప్రజ్ఞయం దాయనకు సందేహములేదు. బోరునందు భక్తియు మెండు. 1956 ఆరంభమున ఎవరెట్టు 137 పుటల దీర్ఘవ్యాసమును సమర్పించెను. ఆ మే మాసమున వీలరు దానిని కోపెన్‌హేగనులో బోరు మున్నగువారితో దినములతరబడి చర్చించెను. వారు సమ్మతింపలేదు. కొలుచుటయను మాటకు అర్థమే ఈ యువకునకు తెలియలేదని వారి యభిప్రాయము. వీలరు తిరిగివచ్చి, వాదము తగ్గించుమనియు, తీక్ష్ణమైన విమర్శలు తీసివేయుమనియు శిష్యుని చెంత కూర్చుండి వ్యాసమును కత్తిరింపించెను. నాలుగింట నొకవంతు మిగిలెను. గదిలోనివాని కథ పోయెను. మిగిలినదానికి 1957 లో డాక్టరు పట్టము వచ్చెను. ఆ జూలైలో రివ్యూస్ ఆఫ్ మోడరన్ ఫిజిక్సు అను పత్రికలో సాపేక్షస్థితులను గూర్చిన వ్యాసముగా అచ్చయ్యెను. వెంబడి వీలరు వ్రాసిన ప్రశంసయు అచ్చుపడెను.

ఇచట వీలరును దూషించుట సులభము. మేమట్లు చేయము. ఆయన లేనిచో ఆ నాల్గవవంతైనను వెలుగు చూడకపోవును. అయినను ఇద్దరు పెద్దలను మెప్పింపబూనిన మధ్యవర్తి చేతిలో సత్యమునకు కొంత నలుగుబాటు తప్పదనుట కిది నిదర్శనము. తన గురువునకు గురువైనవాడు సమ్మతించువరకు శిష్యుని వాదము ఆగవలెనను నియమము ఏ శాస్త్రమునను లేదు.

ఆ వ్యాసము నచ్చు వేయుటకు సంపాదకత్వము వహించినవాడు బ్రైసు డివిట్టు. ఆయన మొదట తీవ్రమైన యాక్షేపణ పంపెను: తాను రెండుగా చీలుట తనకు తెలియుటలేదు గదా యని. ఎవరెట్టు భూమి తిరుగుటను జ్ఞప్తికి తెచ్చెను. భూమి తిరుగుచున్నదని కొపర్నికసు చెప్పినపుడు తమకా కదలిక తెలియుటలేదని జనులాక్షేపించిరి. కదలిక యేల తెలియదో న్యూటను సిద్ధాంతమే పిదప చెప్పగలిగెను. అటులనే చీలుట యేల తెలియదో తన సిద్ధాంతమే చెప్పుచున్నదని ఆయన భావము. డివిట్టు ఈ జవాబునకు ఓడెను. ఓడిన ప్రతిపక్షి తరువాత గొప్ప ప్రచారకు డగుట శాస్త్రలోకమున అరుదైన యదృష్టము.

కాని ఎవరెట్టు అప్పటికే విశ్వవిద్యాలయమును విడిచెను. 1956 జూనులోనే పెంటగానులో ఆయుధవ్యవస్థల విలువ కట్టు కార్యాలయమున చేరియుండెను. ఆ సంవత్సరమే వివాహమాడెను. ఆయన చేయవలసిన లెక్క ఎట్టిదనగా, అణుయుద్ధము వచ్చినచో ఎందరు చత్తురు? జార్జి ప్యూ అను సహోద్యోగితో కలసి, ఆకాశమునుండి రాలు రేడియోధార్మిక ధూళి ఎంతమందిని మ్రింగునో లెక్కకట్టెను. బాంబుదెబ్బకు దూరముననున్నవారు సైతము ఈ ధూళిచే మూకుమ్మడిగా చత్తురని ఆ లెక్క తేల్చెను. 1963 లో ఓస్లోలో శాంతి బహుమానమును స్వీకరించుచు చేసిన యుపన్యాసమున లైనసు పాలింగు ఈ లెక్కనే యుదాహరించెను. యుద్ధశాఖ జీతగాడు కట్టిన లెక్క శాంతివాదికి ఆయుధమయ్యెను! అట్లని ఎవరెట్టును శాంతిదూతగా నిలుపుట సత్యదూరము. ఆయన ఆ కొలువును మానలేదు. బాంబులను పంచిపెట్టు పద్ధతులను మెరుగుపరచుచునే యుండెను. ఏ లెక్క యిచ్చినను కన్ను మూయక తుదివరకు పోవు స్వభావము ఆయనది. విశ్వమును గూర్చి అది ధైర్యమనిపించుకొన్నది. మరణములను గూర్చి దాని నేమనవలెనో మాకు తోచుటలేదు.

1959 మార్చిలో వీలరు ప్రోద్బలమున ఎవరెట్టు కోపెన్‌హేగను పోయి బోరును దర్శించెను. ఇరుపక్షములలో నెవ్వరును మెట్టు దిగలేదు. ఆ ప్రయాణమున దక్కినది వేరొకటి. హోటలు గదిలో, హోటలువారి కాగితములమీదనే, పరిమితమైన వనరులను మిక్కిలి లాభమున కెట్లు పంచవలెనో చెప్పు నూతన గణితపద్ధతి నొకదానిని వ్రాసికొనెను. 1963 లో అది అచ్చయ్యెను. ఆ పద్ధతిమీదనే ఆయన తరువాతి వ్యాపారము చాలవరకు నడచెను. 1964 లో కొందరితో కలసి లాంబ్డా అను కంపెనీ పెట్టెను. 1973 లో మరియొకటి స్థాపించెను. భౌతికశాస్త్రమున మాత్రము మరి యొక్క వ్యాసమైనను వ్రాయలేదు. 1962 లో సిన్సినాటిలో జరిగిన శాస్త్రజ్ఞుల గోష్ఠికి పిలువగా పోయి, డిరాకు, విగ్నరు మున్నగువారి యెదుట తన వాదమును క్లుప్తముగా చెప్పి వచ్చెను. అంతే.

1970 లో డివిట్టు ఫిజిక్సు టుడే పత్రికలో ఒక వ్యాసము వ్రాయగా నిద్రించిన వాదము లేచి కూర్చుండెను. 1973 లో డివిట్టును, ఆయన శిష్యుడు నీలు గ్రాహమును ప్రకటించిన సంపుటమున, పదునేడేండ్లు మరుగుపడిన దీర్ఘవ్యాసము సమగ్రముగా అచ్చయ్యెను. అనేక లోకములను పేరు డివిట్టుచేత ప్రసిద్ధమైనదే. ఆ పేరు ప్రచారమునకు మేలుచేసినది, అర్థమునకు కొంత కీడు చేసినది. ఎవరెట్టు లెక్కలో క్రొత్త లోకములను పుట్టించు యంత్రమేదియు లేదు. ఉన్నది ఒకే తరంగము, అందలి శాఖలు. మన పురాణములలోని బ్రహ్మాండకోట్లు ఇవియేయని సంతసించువారు మనలో గలరు. మేము పురాణములయందు గౌరవము గలవారమే. కాని ఆ బ్రహ్మాండములు వేరువేరు తావుల నుండునవి. ఎవరెట్టు శాఖలు ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే యున్నవి. రెంటిని కలిపినచో రెంటికిని అపచారమే.

శాఖలు ఒకదాని కొకటి ఏల అడ్డురావో ఎవరెట్టు వ్యాసము కొంతయే చెప్పెను. 1970 లో జర్మనీలో ట్సే అనువాడును, 1980 ల నాట జ్యూరెకును దానిని స్పష్టము చేసిరి. పరికరపు ముల్లు గాలితో, వెలుతురుతో, ధూళికణములతో ఎడతెగక పెనవేసికొనుచునే యుండును. ఆ ముళ్లనన్నింటిని విప్పి రెండు వరుసలను మరల కలుపుట ఆచరణలో అసాధ్యము. ఇందుచేతనే వెండి పరమాణువు చూపు వింతను రాతిరోలు చూపదు.

ఇంతచెప్పి, ఎదుటిపక్షమువారి బలమైన మాటను దాచుట తగదు. తొమ్మిదివంతులు పైకి, ఒకవంతు క్రిందికి ఒరగు పరమాణువున్నదనుకొందము. రెండును జరుగుచునే యున్నపుడు తొమ్మిదివంతులనుటకు అర్థమేమి? పందెము కాయువాడు దేనిమీద కాయవలెను? శాఖలకు తరంగపు బలముయొక్క వర్గమునుబట్టి తూకము వేసినచో, నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించిన తూకముగల చిట్టాలలో ప్రయోగశాలలో కనబడు నిష్పత్తులే కనబడునని ఎవరెట్టు చూపెను. ఆ తూకమే ఏల వేయవలెనని ప్రతిపక్షులందురు. 1999 లో డేవిడు డోయిచ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, వివేకముగల జూదగాడు ఎట్లు పందెము కాయవలెనను దారినుండి దీనికి జవాబు వెదకెను. అది అందరికిని సమ్మతము కాలేదు. ఇతర మతములను త్రోసి ఈ మతమునే స్థాపించు ప్రయోగము నేటివరకు ఎవ్వరును చేసి చూపలేదు. మాకు తోచునది యొక్కటే: మినహాయింపు కావలెననువాడే మినహాయింపునకు కారణము చూపవలెను గాని, చట్టము అందరికి నొక్కటే యనువానిని నిలదీయుట తగదు. ఆ కారణమును బోరు పక్షమువారు చూపినట్లు మాకు కనబడదు.

ఆ డోయిచే యువకుడుగా 1977 లో టెక్సాసులోని ఆస్టినులో ఎవరెట్టును చూచినవాడు. వీలరు, డివిట్టుల యాహ్వానముపై ఎవరెట్టు అచట ఉపన్యసించెను. సభాభవనమున పొగ త్రాగరాదను నిబంధనను ఆయనకొరకు సడలించిరట. మినహాయింపులను సహింపనివానికి ఈ యొక్క మినహాయింపు దక్కెను! డోయిచ్ 1985 లో క్వాంటము కంప్యూటరునకు సిద్ధాంతము వ్రాసెను. ఆ యంత్రపు బలము ఎచటనుండి వచ్చునన్న ప్రశ్నకు ఎవరెట్టు శాఖలనే ఆయన చూపుచుండెను.

పొగాకును, మద్యమును ఎవరెట్టు దేహమును క్షీణింపజేసెను. ఇంట మితభాషి. దైవమునందు నమ్మకము లేనివాడు. తన బూడిదను చెత్తకుండీలో పారవేయుడని చెప్పియుండెను. భార్య కొన్ని సంవత్సరములు దాచియుంచి, తుదకు ఆయన కోరినట్లే చేసెను. 2007 లో, వ్యాసము వెలువడి 50 సంవత్సరములైన సందర్భమున, ఆక్సుఫర్డులో శాస్త్రజ్ఞులు సభ చేసి ఆయన సిద్ధాంతమును దినములతరబడి చర్చించిరి. సంగీతకారుడైన ఆయన కుమారుని యింటి నేలమాళిగలో పాత అట్టపెట్టెలు కొన్ని పడియుండెను. వానిని తెరచి చూడగా వీలరుతో జరిపిన యుత్తర ప్రత్యుత్తరములును, దీర్ఘవ్యాసపు చేతివ్రాత చిత్తుప్రతులును బయటపడెను. ఇప్పుడవి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైను శాఖవారి భాండారమున చదువగోరువారి కందుబాటున నున్నవి.